సూచికలో ఇమడని వాక్యాలు

అమెరికా ఆసుపత్రులు 2015 అక్టోబరు నుండి వాడుతున్న ఐసీడీ-10-సీఎమ్ రోగనిర్ధారణ పట్టికలో ఎస్72.301 కుడి తొడ ఎముక నడిమి భాగం విరిగినదనీ, ఎస్72.302 ఎడమ తొడ ఎముక విరిగినదనీ చెబుతాయి. వీటి ఆంగ్ల వర్ణనలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఖాళీలతో సహా మొదటి 33 స్థానాల వరకు ఏ తేడా కనబడదు. కుడి, ఎడమలను తెలిపే మాటలు 34వ స్థానంలో గాని మొదలుకావు. శస్త్రవైద్యునికి ఆ ఒక్క మాటే ముఖ్యం. కాని మొదటి 30 అక్షరాలనే చూసే డేటాబేస్ సూచికకు ఆ రెండు కాళ్ళూ ఒకటే.

అటువంటి సూచికను ఎవరు కడతారని అనిపించవచ్చు. పొడుగైన వచనాన్ని సూచికలో చేర్చబోయినవారిని డేటాబేసే ఒక్కోసారి ఆ దారి పట్టిస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో టెక్స్ట్ రకం గడికి మామూలు సూచిక కట్టాలంటే, మొదటి ఎన్ని అక్షరాలు తీసుకోవాలో చెప్పక తప్పదు.

ఈ హద్దు ఊరికే పెట్టినది కాదు. బోయింగ్ పరిశోధనశాలలో రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్రైట్ 1970 ప్రాంతంలో రూపొందించిన బీ-ట్రీయే నేటికీ సూచికలకు పునాది. నిఘంటువులో ప్రతి పుట నెత్తిన ఉండే మాటల వలె, ఈ చెట్టులోని ప్రతి పేజీ ఏ కీ ఎటువైపు ఉన్నదో చూపుతుంది. ఒక పేజీలో 300 కీలు పడితే, మూడు అంచెలలో 2 కోట్ల 70 లక్షల వరుసలను చేరుకోవచ్చు. మూడు మాత్రమే పడితే అదే పనికి 16 అంచెలు కావాలి. అప్పుడు సూచిక ఉన్న ప్రయోజనం చాలావరకు పోతుంది. పోస్ట్‌గ్రెస్ తన 8 కేబీ పేజీలో కనీసం మూడు కీలైనా పట్టాలంటుంది. దాని హద్దు సుమారు 2,700 బైట్లు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో క్లస్టర్డ్ సూచికకు 900, 2016 కూర్పు నుండి తక్కినవాటికి 1,700. మైఎస్‌క్యూఎల్‌లో పాత వరుస నిర్మాణాలకు 767, ఇప్పటి డైనమిక్ నిర్మాణానికి 3,072.

ఇవన్నీ బైట్ల లెక్కలు. అక్షరానికి గరిష్ఠంగా మూడు బైట్లిచ్చిన పాత యూటీఎఫ్8లో 255 అక్షరాలకు 765 బైట్లు, అంటే 767లో ఎలాగో ఇమిడేవి. ఎమోజీల కోసం నాలుగు బైట్ల పద్ధతికి మారినప్పుడు అది 1,020 అయింది. ఎన్నో పట్టికల నిర్వచనాలలో కనిపించే 191 అనే వింత సంఖ్య అలా పుట్టినదే: 191 నాలుగులు 764.

తెలుగుకు ఈ లెక్క మరింత బరువు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతబిందువుకూ మూడు బైట్లు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరంలో ఆరు బిందువులు, 18 బైట్లు. మైఎస్‌క్యూఎల్ గరిష్ఠాన్నే లెక్కించి పట్టిక కట్టేటప్పుడే అభ్యంతరం చెబుతుంది గనుక అక్కడ భాషాభేదం లేదు. పోస్ట్‌గ్రెస్ మాత్రం వచ్చిన వచనాన్ని కుదించి, ఆ మిగిలిన పరిమాణాన్ని కొలుస్తుంది. ఆంగ్ల నమూనాలతో పరీక్షించిన రోజున అంతా సవ్యంగా ఉండి, ఎప్పుడో ఒక దీర్ఘమైన తెలుగు రోగచరిత్రను భద్రపరచబోతే తిరస్కరణ ఎదురుకావచ్చు. ఆ సందేశం చూసేది సూచిక కట్టినవారు కాదు, రోగి ఎదుట కూర్చున్నవారు.

మొదటి కొన్ని అక్షరాలనే తీసుకున్న సూచిక వెదకడానికి మాత్రమే అయితే వేగం తగ్గుతుంది గాని, జవాబు తప్పదు. దానికే ‘ఏకైకం’ అనే నిబంధన తగిలిస్తే ఎడమ కాలి వర్ణనను నకలని తోసిపుచ్చుతుంది.

మెరుగైన ఉపాయం, పూర్తి వచనానికి ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ తీసి, ఆ 32 బైట్లకు సూచిక కట్టడం. ఇది రెండూ ఒకటేనా అన్న ప్రశ్నకే పనికివస్తుంది. అకారాది క్రమానికి, ‘దీనితో మొదలయ్యేవి’ అనే వెదుకులాటకు పనికిరాదు. తెలుగులో మరొక చిక్కు: ఐత్వాన్ని ఒకే బిందువుగానూ, ఎత్వానికి మరో గుర్తు చేర్చి రెండు బిందువులుగానూ రాయవచ్చు. కంటికి ఒకే ‘తైలం’, హ్యాష్‌కు రెండు. ముందుగా యూనికోడ్ సాధారణీకరణ చేస్తే ఈ భేదం పోతుంది. కాని ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల్లో పొల్లు తరువాత కనిపించకుండా ఉండే విభాజకాన్ని అది తీసివేయదు. దాని సంగతి వేరుగా తేల్చుకోవాలి.

ఐసీడీ వంటి పట్టికలలో నిజానికి ఇంత శ్రమ అక్కరలేదు. సంకేతం, చుక్కను వదిలితే, ఏడు స్థానాలను మించదు. కీగా దానినే వాడవచ్చు. చిక్కంతా సంకేతం లేకుండా, వైద్యులు తమ మాటల్లో రాసుకున్న వచనంతోనే.