కంప్యూటరు కేక - దాని ప్రతిధ్వని

కొండ ఎదుట నిలబడి మీరెప్పుడైనా కేక వేశారా? సరిగ్గా ఒక సెకను తర్వాత మీ కేక మీకే తిరిగి వినిపించిందనుకోండి. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. పోవాలి, తిరిగి రావాలి గదా! కాబట్టి కొండ 170 మీటర్ల దూరంలో ఉందన్నమాట.

కంప్యూటర్ల మధ్య సందేశం పోయి రావడానికి పట్టే కాలాన్ని కూడా ఇలాగే కొలుస్తారు. ఇందుకోసం 1983లో అమెరికాలో మైక్ మూస్ అనే ఆయన ఒక చిన్న ప్రోగ్రాం రాసి, దానికి 'పింగ్' అని పేరు పెట్టాడు. నీటి అడుగున ఉన్న వస్తువులను ప్రతిధ్వనితో కనిపెట్టే సోనార్ చేసే శబ్దమే ఆ పేరు. మీ కంప్యూటరు ఒక చిన్న సందేశం పంపి కాలం చూసుకుంటుంది. అవతలి కంప్యూటరు వెంటనే బదులు పంపుతుంది. అది అందగానే మళ్ళీ కాలం చూస్తుంది.

ఒకవైపు ప్రయాణాన్నే కొలిస్తే చాలదా అంటారేమో! అప్పుడు రెండు చోట్లా రెండు గడియారాలు కావాలి. వాటి మధ్య ఏ కొంచెం తేడా ఉన్నా లెక్క తప్పుతుంది. రానూ పోనూ కొలిస్తే ఒక్క గడియారం చాలు.

ఇప్పుడొక లెక్క చేద్దాం. హైదరాబాదు నుండి న్యూయార్కుకు దగ్గరి దారిన దాదాపు 13,000 కి.మీ. సందేశం సన్నని గాజు తీగలో కాంతి రూపంలో పోతుంది. శూన్యంలో సెకనుకు 3 లక్షల కి.మీ. పోయే కాంతి, గాజులో సుమారు 2 లక్షల కి.మీ. మాత్రమే పోతుంది. రానూ పోనూ 26,000 కి.మీ.కు 0.13 సెకను, అంటే 130 మిల్లీసెకన్లు పడుతుంది. కాని నిజంగా కొలిస్తే 200 దాటడం మామూలే. ఆ మిగతా కాలం ఏమయింది?

తీగలు తిన్నగా పోవు. సముద్రాల అడుగున చుట్టు తిరిగి పోతాయి. దారిలో కూడళ్ళ వద్ద రూటర్లనే యంత్రాలు ప్రతి సందేశాన్నీ చూసి దారి చూపుతాయి. రద్దీ ఉంటే, రైల్వే గేటు వద్ద బండ్లలాగా సందేశాలు వరుసలో ఆగుతాయి. ఈ రద్దీ క్షణక్షణం మారుతుంది. అందుకే ఒకసారి కొలిస్తే చాలదు. పదిసార్లు కొలిచినప్పుడు వచ్చే అతి తక్కువ విలువ దారి పొడవును సూచిస్తుంది. దానిపై ఎక్కువైనదంతా చాలావరకు రద్దీయే.

ఎక్కువ డబ్బు కట్టి పెద్ద కనెక్షన్ తీసుకుంటే ఈ ఆలస్యం పోతుందా? రోడ్డు వెడల్పు చేస్తే ఎక్కువ బండ్లు పడతాయి, రద్దీ తగ్గుతుంది. కాని ఊరు దగ్గరవదు గదా! అమెరికాలోని మామయ్యతో ఫోనులో మాట్లాడేటప్పుడు ఇద్దరూ ఒకేసారి మాట మొదలుపెట్టి తడబడడం ఇందువల్లనే. కాంతిని తొందరపెట్టడం ఎవరివల్లా కాదు. కాబట్టి ఇంజనీర్లు మరో ఉపాయం చేశారు. ఎక్కువమంది అడిగే సమాచారానికి నకళ్ళు తీసి, మనకు దగ్గరలో ఉన్న కంప్యూటర్లలో ఉంచుతారు.

మీ బడి కంప్యూటరులో పింగ్ అని టైపు చేసి, పక్కన ఏదైనా వెబ్‌సైటు పేరు ఇచ్చి చూడండి. కొన్ని బదులివ్వవు, అప్పుడు వేరొకటి ప్రయత్నించండి. అతి తక్కువ మిల్లీసెకన్లను 100తో గుణిస్తే, ఆ కంప్యూటరు ఎన్ని కి.మీ.కు మించిన దూరంలో ఉండదో తెలుస్తుంది. 100తోనే ఎందుకు గుణించాలి? జవాబు మీరే ఆలోచించండి!