పూల్ మోటార్ కాలిపోయిందా? పంపు మొత్తం మార్చక్కర్లేదు!

ఎండాకాలంలో పూల్ మోటార్ ఆగితే రోజుల్లోనే నీళ్లు పచ్చబడతాయి. ఆ కంగారులో చాలామంది పంపు మొత్తం కొనేస్తారు. ఆగండి! స్విచ్ వేస్తే గుయ్యిమంటూ తిరగట్లేదా? చాలాసార్లు పోయేది కెపాసిటరే.. ఎలక్ట్రీషియన్‌ వస్తే కొన్ని వందల్లో పనైపోతుంది. వైండింగ్ కాలితే రీవైండింగ్ ఉండనే ఉంది.

కొత్త మోటారే కావాలంటే పాతదాని నేమ్‌ప్లేట్ ఫొటోతో సికింద్రాబాద్ రాణిగంజ్ షాపుల్లో అడగండి. హెచ్‌పీ ఒక్కటే చూస్తే బోల్తా పడ్డట్టే. ఫేజ్, ఆర్‌పీఎం, షాఫ్ట్ సైజు, బోల్టుల మధ్య దూరం.. అన్నీ కలవాలి. ప్లేటుపై 3450 ఆర్‌పీఎం అని మాత్రమే ఉంటే అది 60 హెర్ట్జ్ మోటార్. మన కరెంటు 50 హెర్ట్జ్. చవగ్గా ఇస్తామన్నా వద్దు.

అన్నట్టు, మెకానికల్ సీల్ కూడా కొత్తదే వేయించండి. పాతదే బిగిస్తే నీళ్లు లీకై కొత్త మోటార్ బేరింగులు పాడైపోతాయి.