కాలి రక్తనాళం మూసుకుపోతే: బెలూన్, స్టెంట్ చికిత్స



మన కొండల్లో నడవకుండా రోజు గడవదు. సంతకు నడక, పోడుకు నడక, కాఫీ తోటకు నడక, ఆదివారం ఆరాధనకు కూడా నడకే. అందుచేత కాలు నొప్పి అంటే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. "వయసైపోయింది, కీళ్ళు అరిగాయి" అని ఊరుకుంటారు. కాని ఒక రకం నొప్పిని మాత్రం వయసు మీదికి నెట్టకూడదు.

కొంత దూరం నడిచేసరికి, ముఖ్యంగా ఎగువకు ఎక్కేటప్పుడు, కాలి పిక్క పట్టేస్తుంది. ఊరికే నిలబడినా, రాయి మీద కూర్చున్నా కొద్ది నిమిషాల్లో తగ్గిపోతుంది. మళ్ళీ నడిస్తే ఇంచుమించు అంతే దూరంలో మళ్ళీ పట్టేస్తుంది. కీళ్ళ నొప్పి ఇంత లెక్కగా రాదు. ఇది కాలికి రక్తం తీసుకెళ్ళే నాళం సన్నబడిందనడానికి గుర్తు. ఊట నుంచి ఊరికి వేసిన పైపులో పాచి, మట్టి పేరుకుంటే కుళాయి దగ్గర ధార సన్నబడుతుంది కదా. అలాగే నాళం గోడలో కొవ్వు, సున్నం పేరుకుని దారి ఇరుకవుతుంది. కూర్చున్నప్పుడు కండకు ఆ కాస్త రక్తం సరిపోతుంది. నడిచేటప్పుడు చాలదు.

షుగర్, బి.పి., కొలెస్ట్రాల్ ఉన్నవారికి, 50 ఏళ్ళు దాటినవారికి ఇది ఎక్కువగా వస్తుంది. అన్నిటికంటే పెద్ద కారణం పొగాకు. బీడీ అయినా చుట్ట అయినా ఒకటే. మన ఉత్తరాంధ్రలో చాలామంది అమ్మలు, అమ్మమ్మలు నిప్పు ఉన్న కొనను నోటి లోపల పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. దానివల్ల అంగిట్లో క్యాన్సర్ వస్తుందని చాలామంది విన్నారు. ఆ పొగే రక్తంలో కలిసి కాళ్ళ నాళాలకూ చేరుతుందని మాత్రం తక్కువమందికి తెలుసు. పొగ తాగే యువకుల్లో బర్జర్ వ్యాధి అని ఇంకొకటి ఉంది. 40 ఏళ్ళు నిండకముందే వేళ్ళు నల్లబడతాయి. అది పాదాల్లోని సన్నని నాళాలకు వస్తుంది కాబట్టి స్టెంట్‌కు చాలావరకు వీలుపడదు. పొగాకు పూర్తిగా మానితేనే అది ఆగుతుంది. రోజుకు ఒక్క బీడీ కాల్చినా ఆగదు.

పరీక్ష చాలా సులభం. చేతికి బి.పి. చూసినట్టే చీలమండ దగ్గర కూడా చూస్తాం. పెన్నులాంటి చిన్న డాప్లర్ పరికరంతో రక్తం పారే శబ్దం వింటాం. కాలి బి.పి.ని చేతి బి.పి.తో భాగిస్తే 1 గాని, కొంచెం ఎక్కువ గాని రావాలి. 0.9 కంటే తగ్గితే అడ్డు ఉన్నట్టు. 0.4 కంటే తగ్గితే కాలు ప్రమాదంలో ఉన్నట్టు. చాలా ఏళ్ళుగా షుగర్ ఉన్నవారిలో నాళాలు గట్టిపడి ఈ లెక్క తప్పుగా ఎక్కువ చూపవచ్చు. వారికి డాప్లర్ స్కాన్ అవసరమవుతుంది.

అందరికీ స్టెంట్ అక్కరలేదు

నొప్పి నడకలో మాత్రమే ఉంటే ముందుగా మందులు, పొగాకు మానడం, నడక. "రోజంతా నడుస్తూనే ఉన్నాం కదా డాక్టరు గారూ" అంటారు. బరువు మోస్తూ గట్టు ఎక్కడం వేరు, ఈ నడక వేరు. సమంగా ఉన్న చోట నొప్పి బాగా వచ్చేవరకు నడిచి, ఆగి, తగ్గాక మళ్ళీ నడవాలి. ఇలా 30 నుంచి 45 నిమిషాలు, వారానికి కనీసం 3 రోజులు, 3 నెలలు చేస్తే చాలామందికి నడవగలిగే దూరం పెరుగుతుంది. చుట్టుపక్కల చిన్న నాళాలు రక్తానికి పక్కదారులుగా సాయపడతాయి, కండ కూడా ఉన్న రక్తాన్ని బాగా వాడుకోవడం నేర్చుకుంటుంది.

రాత్రి పడుకుంటే పాదం మండిపోవడం, కాలు మంచం కిందికి వేలాడేస్తేనే హాయిగా ఉండడం, 2 వారాలైనా మానని పుండు, నల్లబడుతున్న వేలు: వీటిలో ఏది కనబడినా 3 నెలలు ఆగే సమయం లేదు. ఇక్కడే మనవాళ్ళు వెనకాడతారు. ఆస్పత్రికి వెళితే కాలు తీసేస్తారని భయం. మేము చూసినంతలో కాలు తీయవలసి వచ్చినవారిలో ఎక్కువమంది నెలల తరబడి ఇంట్లోనే పుండుకు కట్టు కట్టుకున్నాక వచ్చినవారే. అలాంటి కాలికి పసరు కట్లు బిగించవద్దు, వాతలు పెట్టవద్దు. చలికాలంలో నెగడు దగ్గర పాదాలు కాచుకోవద్దు. స్పర్శ తగ్గిన పాదం కాలినా తెలియదు, రక్తం అందని చోట ఆ గాయం మానదు.

బెలూన్ ఎలా వేస్తారు?

మన ఆస్పత్రిలో క్యాథ్ ల్యాబ్ లేదు. పరీక్షించి, చీటీ రాసి విశాఖపట్నం పంపిస్తాం. అక్కడ గజ్జ దగ్గర మాత్రమే మత్తు సూది ఇస్తారు. మెలకువగానే ఉంటారు. సూది రంధ్రం గుండా సన్నని తీగను నాళంలోకి పంపి, రంగు మందు ఎక్కించి ఎక్స్-రే తెర మీద అడ్డు ఎక్కడుందో చూస్తారు. తీగ ఆ అడ్డును దాటాక దాని మీదుగా ముడుచుకున్న బెలూన్‌ను పంపి, కొద్ది నిమిషాలు ఉబ్బిస్తారు. నాళం వెడల్పవుతుంది. మళ్ళీ ముడుచుకుపోయేలా ఉంటే జల్లెడలాంటి లోహపు గొట్టం, అంటే స్టెంట్, అక్కడే వదిలేస్తారు. పొట్ట కింది భాగంలోని పెద్ద నాళాల్లో స్టెంట్ బాగా నిలుస్తుంది. తొడలో కూడా వేస్తారు. మోకాలి వెనుక నాళం వంగుతూ ఉంటుంది గనుక అక్కడ సాధ్యమైనంతవరకు వేయరు. మోకాలి కింద మామూలుగా బెలూన్ ఒక్కటే. అడ్డు చాలా పొడవుగా ఉంటే బైపాస్ ఆపరేషన్ మేలు కావచ్చు.

స్టెంట్ అంటే గుండెకే అనుకుంటాం. డాక్టర్ సోమరాజు గారు, అబ్దుల్ కలాం గారు కలిసి తయారుచేసినది కూడా గుండె స్టెంటే. కాని ఈ వైద్యం మొదలైంది కాలితోనే. 1964 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 82 ఏళ్ళ ముసలమ్మ వేళ్ళు కుళ్ళిపోతున్నా కాలు తీయనివ్వనని పట్టుబట్టింది. డాక్టర్ చార్లెస్ డాటర్ సన్నని గొట్టాలతో ఆమె తొడ నాళాన్ని తెరిచాడు. ఆ తర్వాత ఆమె బ్రతికిన రెండేళ్ళకు పైగా తన రెండు కాళ్ళ మీదే నడిచింది. బెలూన్‌ను జూరిక్‌లో డాక్టర్ గ్రూంట్‌జిగ్ 1974లో ముందు కాలి నాళంలోనే వాడాడు. గుండెకు వాడింది 1977లో.

చికిత్స తర్వాత కొన్ని గంటలు కాలు చాపి పడుకోవాలి. గజ్జ దగ్గర వాపు గాని రక్తం గాని కనబడితే వెంటనే నర్సమ్మకు చెప్పాలి. చాలామంది ఒకటి రెండు రోజుల్లో ఇంటికి వస్తారు. నాళం మళ్ళీ సన్నబడవచ్చు, తొడలో, మోకాలి కింద ఇంకా ఎక్కువగా. యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి మాత్రలు రాసిచ్చినన్నాళ్ళు వేసుకోవాలి. పాదం వెచ్చబడిందని, డబ్బులు అయిపోయాయని సొంతంగా మానేస్తే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. మాత్రలు కొనలేకపోతే మానేయకముందే మా దగ్గరికి రండి.

ఇంకొక మాట, ఇది చాలా అత్యవసరం. ఉన్నట్టుండి ఒక కాలు చల్లబడి, తెల్లబడి, తిమ్మిరెక్కి, వేళ్ళు కదలకపోతే రక్తపు గడ్డ నాళాన్ని ఒక్కసారిగా మూసేసిందని అర్థం. కీళ్ళవాతం జ్వరం వల్ల గుండె కవాటాలు చెడినవారిలో చిన్న వయసులోనూ ఇలా జరుగుతుంది. సుమారు 6 గంటలు దాటితే కండ చనిపోవడం మొదలవుతుంది. అరకు నుంచి విశాఖపట్నం 110 కిలోమీటర్లకు పైనే, ఘాట్ రోడ్డు మీద దాదాపు 4 గంటలు. డోలీలో రోడ్డుకు మోసే సమయం కూడా కలిపితే తెల్లారేదాకా ఆగడానికి వీలులేదు. రాత్రయినా 108కి ఫోన్ చేయండి. దారిలో మా దగ్గర ఆగితే రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ సూది ఇచ్చి పంపుతాం.

ఖర్చు విషయం. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, 2024లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవగా పేరు మారిన పథకం కింద మీకు చెప్పిన చికిత్స వస్తుందో లేదో పెద్దాస్పత్రిలో ఆరోగ్యమిత్రను చేరకముందే అడగండి. రేషన్ కార్డు, ఆధార్, పాత చీటీలు, వాడుతున్న మాత్రలు వెంట తీసుకెళ్ళండి. కిడ్నీ జబ్బు, సికిల్ సెల్ ఉన్నవారు, షుగరుకు మెట్‌ఫార్మిన్ వేసుకునేవారు ఆ సంగతి రంగు మందు ఎక్కించకముందే డాక్టరుకు చెప్పాలి.