ఎండాకుకు నిప్పు పెట్టొద్దు, నేరుగా దున్నొద్దు

మాఘం వెళ్లి ఫాల్గుణం వచ్చేసరికి ఉద్దానం జీడితోటల్లో నేలంతా ఎండాకే. అడుగేస్తే గలగలమంటుంది. పిక్క రాలే రోజులు దగ్గర పడుతుంటాయి కాబట్టి, ఆకు కింద పిక్క కనపడదని చాలామంది ఊడ్చి కుప్పేసి అగ్గిపుల్ల గీసేస్తారు. అరగంటలో తోట శుభ్రం. మళ్లీ జూన్ వచ్చేసరికి ఎరువుల కొట్లో అరువు!

మన మాటల్లోనే ఎండాకంటే అలుసు. నిలకడ లేనివాణ్ణి గాలికి కొట్టుకుపోయే ఎండుటాకు అంటాం. అన్నీ ఉన్న విస్తరి అణిగిమణిగి ఉంటుంది, ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుంది అంటాం. ఆ విస్తరి మాత్రం ఏమిటి? అడ్డాకు ఎండబెట్టి కుట్టిందే. తిని పారేస్తే పెంటపోగులో పడి మళ్లీ గత్తమయ్యేది.

ఆకు రాల్చేముందు చెట్టు తన జాగ్రత్తలో తానుంటుంది. ఆకులోని నత్రజని, భాస్వరం, పొటాష్‌లలో కొంత వెనక్కి లాక్కుంటుంది. పండుటాకు పసుపు తిరగడానికి ఇదీ ఒక కారణమే. అందుకే ఎండాకులో నత్రజని తక్కువ, కర్బనం ఎక్కువ. కాలిస్తే ఈ రెండూ చాలా మటుకు పొగలో పోతాయి. బూడిదలో మిగిలేది పొటాష్, సున్నం లాంటివే. నీరు నిలవని మన ఇసుక నేలలకు అసలు కావలసింది ఆ కర్బనం.

అయితే ఇక్కడో చిక్కుంది. కాల్చొద్దన్నారు కదా అని కొందరు ఆకుని అలాగే చేలో వేసి దున్నేస్తారు. విత్తిన కొన్నాళ్లకు పైరు పసుపు తిరుగుతుంది. "ఎండాకు వేస్తే చేను చెడింది" అని మళ్లీ ఆ జోలికి పోరు. వాళ్లు చూసింది అబద్ధం కాదు. ఆకు బాగా చివకాలంటే ఒక వంతు నత్రజనికి 25 నుంచి 30 వంతుల కర్బనం ఉండాలి. ఎండాకులో ఇది 40 దాటుతుంది, ఒక్కోసారి 80 దాకా పోతుంది. తక్కువైన నత్రజనిని సూక్ష్మజీవులు నేలలోంచి లాక్కుంటాయి. ఆ కొన్ని వారాలూ పైరుకు పస్తే.

కాబట్టి ముందు గోతిలో మగ్గబెట్టాలి. చెట్ల వరసల మధ్య నీరు నిలవని చోట 10 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతు గొయ్యి చాలు. జానెడు మందాన ఎండాకు పరిచి, పైన చిక్కటి పేడనీళ్లు చల్లాలి. గట్టు మీద గిరిపుష్పం, కానుగ ఉంటే ఆ పచ్చి రొట్ట ఒక పొర వేయాలి. నత్రజని లోటు తీర్చేది అదే. రెండు గంపల పాత గత్తం కలిపితే త్వరగా చివుకుతుంది. పిడికిట్లో పిండితే చెయ్యి తడవాలి, నీరు కారకూడదు. పైన మట్టి మెత్తాలి, లేకపోతే ఆకు సామెతలో విస్తరే! నెలకోసారి తిరగేస్తే మంచిది. జీడాకు మందం కాబట్టి ఆరు నెలలైనా పట్టవచ్చు. వేసవిలో నీళ్లు లేనివారు గొయ్యి నింపి ఉంచి, తొలకరి పడ్డాక తిరగేసుకోవచ్చు. ఆ గత్తం రబీకి అందుతుంది.

దున్నకుండా మొక్క చుట్టూ పైపైన పరిస్తే నత్రజని బాధ అంతగా ఉండదు, తేమ నిలుస్తుంది. కాండానికి జానెడు ఎడం వదలాలి. ఆనించి పోస్తే చెదలు పడతాయి. తోట హద్దు వెంబడి రెండు బారల మేర ఆకు లేకుండా ఊడ్చి ఉంచాలి. పక్కవాడి నిప్పు మన తోటలోకి రావడానికి ఆ ఎండాకే దారి.

సరుగుడు ఆకు సంగతి వేరు. తీరంలో దాన్ని పొయ్యిలోకి ఏరుకునే పేద ఇళ్లున్నాయి. వాళ్లు ఏరుకోగా మిగిలింది గోతిలో వేసుకుందాం.