‘సి’ కిక్కిరిసింది... ‘డి’ ఖాళీగా ఉంది!

అమ్మాయి కాలేజీ ప్రాజెక్టు తెల్లారితే ఇచ్చేయాలి. రాత్రి పదకొండింటికి ఫైలు సేవ్‌ చేయబోతే ‘డిస్కులో చోటు లేదు’ అంటూ కంప్యూటర్‌ మొండికేసింది. నాన్నగారొచ్చి చూస్తే సి డ్రైవు పక్కన గీత ఎర్రగా నిండిపోయి ఉంది. దాని కిందే డి డ్రైవు... వెయ్యి జీబీల్లో పట్టుమని యాభై కూడా వాడలేదు! ‘ఇంత చోటు పెట్టుకుని లేదంటుందేంటి?’ అని ఆయన విసుక్కున్నారు. పాపం కంప్యూటర్‌ ఏం చేస్తుంది? సామానంతా ఒకే గదిలో కుక్కింది ఇంట్లోవాళ్లేగా!

ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ, ఒక పెద్ద హార్డ్‌డిస్క్‌... ఇలా రెండు రకాల డిస్కులున్న కంప్యూటర్లు చాలా ఇళ్లలో ఉన్నాయి. ఎస్‌ఎస్‌డీ ఏ 128 జీబీయో, 256 జీబీయో ఉంటుంది. హార్డ్‌డిస్క్‌ వెయ్యి జీబీలు. ఎస్‌ఎస్‌డీలో ఒక్కో జీబీకి ధర ఎక్కువ కాబట్టి ఈ సర్దుబాటు. మామూలుగా విండోస్‌ ఉండే చిన్నది ‘సి’, పెద్దది ‘డి’ అవుతాయి. కొన్ని కంప్యూటర్లలో ఒకే డిస్కును రెండు ముక్కలు చేసి సి, డి అని పేర్లు పెడతారు. మీది ఏ రకమో టాస్క్‌ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్‌ నొక్కితే తెలిసిపోతుంది.

పళ్లేల కాలం నుంచీ...

1956లో ఐబీఎం తెచ్చిన తొలి హార్డ్‌డిస్క్‌లో రెండడుగుల వెడల్పున్న పళ్లేలు యాభై ఉండేవి. అంతా కలిపి పట్టింది 50 లక్షల అక్షరాలు. ఇప్పటి ఫోనుతో తీసిన ఒక్క ఫొటోకే దాదాపు చాలిపోయేది! సైజు తగ్గినా హార్డ్‌డిస్క్‌ లోపలి పద్ధతి మాత్రం నేటికీ అదే. పళ్లెం నిమిషానికి 5400 సార్లో, 7200 సార్లో తిరుగుతుంటే గ్రామఫోను ముల్లులాంటిది అటూ ఇటూ జరుగుతూ కావాల్సింది వెతుక్కోవాలి. ఒక్కో వెతుకులాటకు సుమారు సెకనులో వందో వంతు పడుతుంది. అదెంతలే అనిపిస్తుంది. కానీ విండోస్‌ మొదలవ్వాలంటే తలోచోటా ఉన్న వేలాది చిన్నచిన్న ముక్కల్ని చదవాలి. అందుకే కాఫీ తాగొచ్చినా కంప్యూటర్‌ ఇంకా తెరుచుకోదు.

ఎస్‌ఎస్‌డీలో తిరిగేది, కదిలేది ఏదీ లేదు. 1980ల్లో తోషిబా ఇంజినీరు ఫుజియో మసువోకా కనిపెట్టిన ఫ్లాష్‌ మెమొరీ చిప్‌లే అందులో ఉండేవి. ఏ ముక్క ఎక్కడున్నా వెతుకులాట కొన్ని పదుల రెట్లు త్వరగా తెమిలిపోతుంది.

మరి సినిమా సంగతి? అది ఒకే పెద్ద ఫైలు. మొదట్నుంచీ చివరిదాకా వరసగా చదువుకుంటూ పోవడమే. అలాగైతే మామూలు హార్డ్‌డిస్క్‌ కూడా సెకనుకు వంద ఎంబీలకు పైగా చదవగలదు. సినిమాకు కావాల్సింది అందులో పదో వంతు కూడా ఉండదు. అంటే సినిమాని ఎస్‌ఎస్‌డీలో పెట్టినా బొమ్మ పరుగెత్తదు, చోటు దండగ తప్ప! వంటింట్లో పోపులపెట్టె పొయ్యి పక్కన ఉంటుంది, బియ్యం బస్తా సామాన్ల గదిలో ఉంటుంది. ఇక్కడా అంతే. విండోస్‌, రోజూ తెరిచే ప్రోగ్రాములు, చేతిలో ఉన్న ప్రాజెక్టు సి లో. సినిమాలు, పాటలు, పాత ఫొటోలు, పెళ్లి వీడియోలు డి లో. ఎస్‌ఎస్‌డీ పీకలదాకా నిండితే నెమ్మదిస్తుంది కాబట్టి ఐదో వంతు ఖాళీగా ఉంచితే మంచిది.

డెస్క్‌టాప్‌ కూడా సి లోదే!

చాలామంది బోల్తాపడేది ఇక్కడే. తెర మీద కనిపిస్తున్నాయి కదాని డెస్క్‌టాప్‌ నిండా ఫైళ్లు పరుస్తారు. డౌన్‌లోడ్స్‌ సంగతి సరేసరి. ఈ రెండూ ఉండేది సి డ్రైవులోనే. రోజూ ఏరి పారేసే ఓపిక లేకపోతే ఒక పని చేయొచ్చు. ముందుగా డి లో ‘ఫొటోలు’ అనో మరోటో కొత్త ఫోల్డరు చేయాలి. పిక్చర్స్‌ ఫోల్డరు మీద రైట్‌ క్లిక్‌ చేసి ప్రాపర్టీస్‌లో లొకేషన్‌, అందులో మూవ్‌ నొక్కి ఆ కొత్త ఫోల్డర్ని చూపిస్తే, ఇకపై పిక్చర్స్‌లో దాచేవన్నీ నేరుగా అక్కడికే వెళ్తాయి. ఫోల్డరు చేయకుండా డి డ్రైవునే చూపిస్తే మాత్రం డ్రైవంతా పిక్చర్స్‌ ఫోల్డరైపోయి, వెనక్కి తేవడానికి తలప్రాణం తోకకొస్తుంది.

ప్రోగ్రాముల్ని ఇలా కట్‌ చేసి అవతల పేస్ట్‌ చేయకూడదు. చేస్తే పనిచేయవు. తీసేసి, మళ్లీ డి లో ఇన్‌స్టాల్‌ చేసుకోవాల్సిందే.

ఈ సర్దుడంతా కంప్యూటరే చేసుకుంటే పోలా? 2012లో యాపిల్‌ సంస్థ అదే చేసింది. ఫ్యూజన్‌ డ్రైవ్‌ పేరుతో రెంటినీ కలిపి ఒక్కటిగా చూపించింది. ఎక్కువ వాడేవి వేగంగా పనిచేసే భాగంలోకి వాటంతటవే చేరేవి. హాయే! కానీ రెండిట్లో ఏది చెడినా మొత్తం పోయినట్టే.

పెళ్లి ఫొటోలు భద్రమేనా?

‘డి లో వేశాం, ఇక భయం లేదు’ అనుకుంటారు. నిజానికి ఎక్కువ భయపడాల్సింది దాని గురించే. తిరిగే పళ్లెం ఎప్పటికైనా అరుగుతుంది. కింద పడినా, కరెంటు దెబ్బ తగిలినా అంతే. ఒక్కోసారి టక్‌టక్‌మని చప్పుడు చేసి హెచ్చరిస్తుంది, ఒక్కోసారి అదీ ఉండదు. సి నుంచి డి కి మార్చడమంటే ఉన్న ఒక్క కాపీని చోటు మార్చడమే, రెండో కాపీ తీసినట్టు కాదు. పసివాడి అన్నప్రాశన, తాతయ్య షష్టిపూర్తి... మళ్లీ తీయించుకోలేని ఫొటోలు ఇంకో ఎక్స్‌టర్నల్‌ డిస్కులో కూడా ఉండాలి. దాన్ని ఎప్పుడూ కంప్యూటర్‌కి తగిలించి ఉంచితే వైరస్‌ వచ్చినా, పిడుగు పడినా రెండూ కలిసే పోతాయి. నెలకోసారి కాపీ చేసి, తీసి బీరువాలో పెట్టేయాలి. మార్చేటప్పుడు కూడా కట్‌ కాకుండా కాపీ నొక్కి, అవతల నాలుగైదు ఫొటోలు తెరిచి చూశాకే ఇవతలివి చెరపాలి.

ఆ రాత్రి ప్రాజెక్టు సంగతంటారా... డౌన్‌లోడ్స్‌లో రెండేళ్లుగా పడి ఉన్న సినిమాలు నాలుగు డి లోకి వెళ్లాక, పదకొండున్నరకి సేవ్‌ అయింది. వాటిలో మూడు నాన్నగారు దింపుకున్నవే!