తొలి సంపుటిని ఎలా చదవాలి?

కొత్త కవి తొలి సంపుటి చేతికి రాగానే అందులో నచ్చినవెన్ని, నచ్చనివెన్ని అని చూసుకుంటాం. అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అంతవరకూ కవిత్వం గడప తొక్కనిది ఏదైనా ఈ పుస్తకంతో లోపలికి వచ్చిందా?

ఉదాహరణకు, నెల్లూరుకు చెందిన తిక్కవరపు పట్టాభిరామరెడ్డి ‘పఠాభి’ పేరుతో 1939లో ‘ఫిడేలు రాగాల డజన్’ వెలువరించారు. అప్పటికి ఆయనకు ఇరవయ్యేళ్లు. ముందుమాట శ్రీశ్రీది. ఆ శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ పుస్తకంగా రావడానికి ఇంకా పదకొండేళ్లుంది.

అప్పట్లో భావకవిత్వం ఏలుతోంది. వెన్నెల, విరహం, అందని ప్రేయసి దాని లోకం. పఠాభి దృష్టి మద్రాసు నగరం మీద పడింది. పట్నవాసుల నోట నలిగే ఇంగ్లీషు మాటలను కూడా మొహమాటం లేకుండా పద్యంలోకి తెచ్చారు. వ్యాకరణాన్నీ ఛందస్సునీ బాహాటంగా ధిక్కరించారు.

ఛందస్సు వదిలేస్తే ఇక మిగిలేది ఉత్త వచనమే కదా అన్న సందేహం చాలామందికి ఉంటుంది. ఉత్పలమాల అనే ఛందస్సులో పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం యతిస్థానం, నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ప్రాస. పాదం ఎక్కడ ముగియాలో అక్కడ ఛందస్సే చెబుతుంది. వచన కవితలో ఆ బాధ్యత కవిదే. పంక్తి ఎక్కడ విరిగితే మాటకు బలం వస్తుందో, ఏ మాట పక్కన ఏ మాట పడితే అర్థం మెరుస్తుందో ప్రతిసారీ ఆయనే తేల్చుకోవాలి. నియమాలు పోయినంత మాత్రాన కవి పని తేలికపడదు. పైకి చదివి చూడండి. పంక్తులన్నీ కలిపేసినా ఏమీ పోలేదనిపిస్తే అక్కడ కవిత లేనట్టే.

ధిక్కారం ఒక్కటే పుస్తకాన్ని నిలబెట్టదు. ఉలిక్కిపాటు మొదటిసారి చదివినప్పుడే. పఠాభి పుస్తకాన్ని ఇన్నేళ్లు నిలిపింది ఆయన సంపాదించిన కొత్త చోటు. నగర జీవితాన్ని, వాడుక మాటను, గేలిని ఆయన కవితా వస్తువులుగా చేసి చూపించారు. 1958లో కుందుర్తి ఆంజనేయులు ఫ్రీవర్స్ ఫ్రంట్ స్థాపించి వచన కవితకు ఉద్యమబలం ఇచ్చేనాటికి, ఆ బాట వేసినవారిలో ఈ నెల్లూరు యువకుడూ ఉన్నారు.

ఈనాటి తొలి సంపుటాలనూ ఇలాగే చదువుదాం. కొన్ని కవితలు తడబడవచ్చు, పూర్వకవుల గొంతు వినిపించవచ్చు. ఇరవయ్యేళ్ల కవికి అది తప్పేం కాదు. తనకు మాత్రమే తెలిసిన బతుకు ముక్క ఒక్కటైనా కవిత్వంలోకి తెచ్చి ఉంటే, ఆ కవి రెండో పుస్తకం కోసం ఎదురుచూడవచ్చు.