హాజరుపట్టీలో లేని పేరు

సాధారణముగా జూన్ 12వ తేదీని తెలుగు రాష్ట్రములు రెండింటను వేసవి సెలవులు ముగిసి బడులు తెరచుకొనును. ఆనాడు ఏదో ఒక పట్టణమున, ఏదో ఒక ఏడవ తరగతి గదిలో, కొత్త అట్ట వేసిన హాజరుపట్టీని ముందుంచుకొని ఉపాధ్యాయిని వరుసగా పేర్లు చదువుచుండగా, మూడవ బల్లపై కూర్చున్న బాలుడొకడు, తన పేరునకు ముందు రావలసిన పేరు రాకుండ తన పేరే వచ్చుట విని, పలుకుట మరచి, వాకిలి వైపు చూచును. "వాళ్ల నాన్నకి ట్రాన్స్‌ఫర్ అయిందిరా, మొన్ననే వచ్చి టీసీ తీసుకుపోయారు" అని ఆమె తరువాతి పేరునకు పోవును. ఆ ఒక్క మాటతో బడి తన వంతు పని ముగించుకొనును. సెలవులలో అమ్మమ్మగారి యూరికి పోయి మామిడిపండ్లు తిని వచ్చిన ఆ బాలునకు మాత్రము, ఏప్రిల్ చివరిదినమున "జూన్‌లో కలుద్దాంరా" అని చేయి ఊపి పోయిన ప్రాణమిత్రుడు మరి కలియడని అప్పుడే తెలియును.

ఇందు ఒకరి దోషమని చెప్పుటకు వీలులేదు. రెవెన్యూ, పోలీసు, విద్యుచ్ఛక్తి, బ్యాంకు, రైల్వే మొదలగు శాఖలలో సాధారణపు బదిలీలు ఎక్కువగా వేసవిలోనే జరుగుటకు గల ముఖ్యకారణములలో ఒకటి, ఉద్యోగుల బిడ్డల చదువు నడిమధ్య తెగిపోరాదను దయాదృష్టి. ఐనను ఆ దయయే మరియొక విధముగా పరిణమించుచున్నది: చదువు తెగలేదు కాని, బడి మూసియున్న దినములలో సామాను లారీ కెక్కుటచే, తరగతిలో ఒకరి మొగము ఒకరు చూచుకొని పోయివచ్చెదనని చెప్పు అవకాశము తెగిపోయినది. పదవ తరగతి విడుచువారికి వీడ్కోలు సభ కలదు, సంతకముల పుస్తకములు కలవు, ఫొటో కలదు; ఏడవ తరగతి నడుమ లేచిపోవువానికి ఇవి యేవియు లేవు. పోవువాని సంగతి యిట్లుండగా, ఉండిపోవువాని సంగతి తలచుకొనువారే అరుదు. ఈ వ్యాసము ప్రధానముగా ఆ ఉండిపోయినవానిని గూర్చినది.

పత్రమున కెక్కని సంగతి

బదిలీ ధ్రువపత్రమును ఒకసారి తీరికగా చదివి చూడుడు. ప్రవేశసంఖ్య, తండ్రి పేరు, పుట్టినతేదీ అంకెలలోను అక్షరములలోను, మాతృభాష, చదువుచున్న తరగతి, చెల్లించవలసిన రుసుము బాకీ కలదా లేదా, బడి విడుచుటకు కారణము, నడవడి. వీనితోపాటు అనేకపత్రములలో గుర్తింపుచిహ్నములుగా రెండు మచ్చలు. కుడిమోచేతి మీది మచ్చను, ఎడమకనుబొమ పైని గాటును గుమాస్తా పరిశీలించి వ్రాసికొనును. ఆ గాటు ఏ ఆటలో, ఎవడు విసరిన బంతి తగిలి పడినదో ఎరిగినవాడు మాత్రము పత్రమున ఎచ్చటను కానరాడు. చట్టమునకును ఈ పత్రముపై శ్రద్ధ కలదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఐదవ విభాగము ప్రకారము, ఒక బడినుండి మరియొక బడికి మారగోరు విద్యార్థికి ప్రధానోపాధ్యాయుడు ఆ పత్రమును వెంటనే ఈయవలెను. అది ఆలస్యమైనదను నెపముతో కొత్త బడివారు ప్రవేశమును నిరాకరింపరాదు. కదలివెళ్లు బిడ్డకు ఇంత రక్షణ యుండుట ముదావహమే. ఉండిపోయినవానికి పత్రము అవసరము లేదు. కావుననే కాబోలు, వానికేదో నష్టము జరిగినదను తలంపు కూడ ఎవరికిని కలుగదు.

వెళ్లినవానికి కొత్త యూరు కలదు. కొత్త వీధులు, కొత్త యూనిఫారము, భయము, కుతూహలము అన్నియు కలిసి వాని దినములను నింపివేయును. తల్లిదండ్రులు వానిని కనిపెట్టి చూచుకొందురు, "కొత్త బడి ఎలా ఉంది నాన్నా" అని సాయంకాలము అడుగుదురు. ఉండిపోయినవానికి అన్నియు పాతవే: అదే బస్సు, అదే కొళాయి, అదే బల్ల, ఒక్కడు మాత్రము లేడు. వాని నెవరు నేమియు నడుగరు, ఏలయనగా వాని జీవితములో ఏమియు మారలేదని అందరును తలంతురు.

నే నెరిగిన బాలుడొకడు, ప్రాణమిత్రుడు గుంటూరునకు తరలిపోయిన తరువాత, సాయంకాలపు క్రికెట్టునకు పోవుట మానివేసెను. ఎండదెబ్బ యని తల్లియు, పరీక్షల భయమని తండ్రియు అనుకొనిరి. తాతగారు ప్రక్కన కూర్చుండబెట్టుకొని అడుగగా వాడు చెప్పిన సమాధానమిది: "టీములు పంచేటప్పుడు వాడూ నేనూ ఎప్పుడూ ఒకే టీము తాతయ్యా. ఇప్పుడు నన్ను ఆఖర్న ఎవరికో ఒకరికి ఇచ్చేస్తున్నారు." మిత్రునితోపాటు ఆ జట్టులో తన స్థానమును కూడ వాడు పోగొట్టుకొనెను. పెద్దలకు చిన్నదిగా తోచు ఈ సంగతి వాని లోకమున చిన్నది కాదు.

పదకొండు, పన్నెండేండ్ల స్నేహము

అమెరికాకు చెందిన మనోవైద్యుడు హ్యారీ స్టాక్ సల్లివాన్, తాను గతించిన తరువాత 1953లో ప్రచురింపబడిన ఉపన్యాసగ్రంథమున, కౌమారమునకు కొంచెము ముందు పుట్టు ఈ ప్రాణస్నేహమును గూర్చి విశేషముగా ప్రస్తావించెను. అంతకు పూర్వపు నేస్తములు కలిసి ఆడుకొనువారు; ఈ వయస్సున దొరకు మిత్రుడు అట్టివాడు మాత్రమే కాడు. వాని సుఖము తన సుఖమంత ముఖ్యమైనదని బాలునకు మొదటిసారి తోచునట్టి సంబంధమిది యని సల్లివాను భావము. ఇది మన బడులలో ప్రత్యక్షముగా కానవచ్చును. మూడవ తరగతిలో పెన్సిలు అరువిచ్చినవాడు మిత్రుడు. ఏడవ తరగతిలో, లెక్కలలో తప్పిన సంగతి ఇంటిలో చెప్పక దాచినపుడు దానిని ఎరిగిన ఏకైకవ్యక్తి మిత్రుడు. ఇట్టి రహస్యములు పుట్టు వయస్సున, వానిని దాచుకొను చోటు ఒక్కసారిగా లేకుండ పోవుట సామాన్యవిషయము కాదు.

ఊళ్లు మారుటవలన కలుగు ఫలితములను గూర్చి షిగెహిరో ఓయిషి, ఉల్రిక్ షిమ్మాక్ అను మనస్తత్వశాస్త్రజ్ఞులు 2010లో ఒక పరిశోధన ప్రకటించిరి. అమెరికాలో ఏడువేలమందికి పైగా వయోజనుల వృత్తాంతములను పరిశీలించి, బాల్యమున పలుమారులు నివాసము మారినవారిలో, ముఖ్యముగా నలుగురిలో కలియక తనలో తానుండు స్వభావము గలవారిలో, పెద్దయైన పిమ్మట జీవితతృప్తి తక్కువగా నుండుటను వారు గమనించిరి. నలుగురితో సులభముగా కలియువారియందు ఆ లోపము కానరాలేదు. ఆ లెక్క కదలినవారిది. ఐనను మితభాషియగు బిడ్డకు స్నేహితులు కొద్దిమందియే యుందురనియు, అందొకడు పోయినచో మిగులునది మిక్కిలి స్వల్పమనియు గ్రహించుటకు, ఉండిపోయినవాని విషయమునను ఆ వివేచన మనకు తోడ్పడును.

రాజధాని కదలినపుడు

మన కాలమున ఇట్టి వియోగములు వందలకొలది ఒక్కసారిగా సంభవించిన సందర్భమొకటి కలదు. 2014 జూన్ 2న రాష్ట్రము రెండైనపుడు, పదేండ్లకు మించని కాలము హైదరాబాదు ఉమ్మడి రాజధానిగా నుండవచ్చునని చట్టము చెప్పినను, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2016లోనే తన సచివాలయమును కృష్ణాతీరమున వెలగపూడికి తరలించెను. ఉద్యోగులకు వారమునకు ఐదుదినముల పని యేర్పడినది. హైదరాబాదునకు, విజయవాడకు నడుమ కొత్తగా ఇంటర్‌సిటీ రైలు నడిచినది. బిడ్డల చదువు నిమిత్తము అనేకులు కుటుంబములను హైదరాబాదుననే యుంచి, సోమవారము పోయి శుక్రవారము రాత్రి తిరిగివచ్చుచుండిరి. సకుటుంబముగా తరలినవారి బిడ్డలు విజయవాడ, గుంటూరు బడులలో చేరిరి.

నాడు పెద్దలలో అన్నిటికంటె ఎక్కువగా చర్చింపబడిన విషయము స్థానికత. రాజ్యాంగములోని 371డి అధికరణము క్రింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వులు, అభ్యర్థి యే ప్రాంతమువాడో నిర్ణయించుటకు, అర్హతాపరీక్షకు ముందు వరుసగా నాలుగేండ్లు ఎచ్చట చదివెనో ప్రధానముగా చూచును. తరలివచ్చిన వారి బిడ్డలు నష్టపోకుండుటకు, విభజన జరిగిన మూడేండ్లలోపల వచ్చినవారిని స్థానికులుగా పరిగణించునట్లు ఉత్తర్వులు సవరింపబడెను, పిమ్మట ఆ గడువు పొడిగింపబడెను. ఇందొక విచిత్రము కలదు. నాలుగేండ్లు ఒకచోట బడికి పోయినవాడు ఆ చోటివాడగునని చట్టమే యంగీకరించుచున్నది. అట్లు వానిని ఆ చోటివానిగా చేసినవి నల్లబల్లయు గోడలును మాత్రమే కావనియు, ప్రక్కన కూర్చున్నవాడును అందు భాగస్వామి యనియు గుర్తించుట మాత్రము చట్టము పని కాదు; అది తల్లిదండ్రుల పని, ఉపాధ్యాయుల పని.

ద్రుపదుడు, కుచేలుడు

చదువుకొన్న చోట విడిపోయిన మిత్రుల కథలు మన వాఙ్మయమున ముఖ్యముగా రెండు కలవు. భరద్వాజుని ఆశ్రమమున ద్రోణునితో ఆడిపాడిన ద్రుపదుడు, తండ్రి పృషతుడు గతింపగా పాంచాలమునకు పోయి రాజయ్యెను. దారిద్ర్యముతో తనను వెదకికొనుచు వచ్చిన ద్రోణుని, రాజునకు పేదకు నడుమ స్నేహమెక్కడిదని త్రోసిపుచ్చెను. ఆ యొక్క తిరస్కారమునుండి పుట్టిన పగ కురుక్షేత్రము వరకు ప్రాకినది. సాందీపని గురుకులమున శ్రీకృష్ణునితో చదివిన కుచేలుడును పేదవాడే. అతడు ద్వారకకు వచ్చినపుడు కృష్ణుడు కాళ్లు కడిగి కూర్చుండబెట్టి మొట్టమొదట ప్రస్తావించినవి గురుకులవాసపు ముచ్చట్లే. కట్టెలకై అడవికి పోయినపుడు గాలివానలో చిక్కి, దారి తప్పి, చేతులు పట్టుకొని రాత్రియంతయు తిరిగిన సంగతి అందొకటి. భాగవతమున ఆ ఘట్టమును చదివినవారెవరును దానిని మరువరు. నడుమ గడచిన యేండ్లలో ఆ యిరువురు తరచు కలిసికొనిరని గాని, కుశలపత్రములు పంపుకొనిరని గాని కథ చెప్పదు. కలిసిపడిన కష్టమొకటి జ్ఞప్తియందుండుట చాలినది.

పెద్దల చేతిలో నున్నవి

ఆరవ తరగతినుండి బిడ్డలను వసతిగృహములలో నుంచి చదివించు జవహర్ నవోదయ విద్యాలయములలో ఒక పద్ధతి కలదు. తొమ్మిదవ తరగతి విద్యార్థులలో నూటికి 30 మందిని ఒక సంవత్సరము హిందీ ప్రాంతమునుండి హిందీయేతర ప్రాంతమునకు, అచ్చటివారి నిచ్చటికి పంపుదురు. వాడుకలో దీనిని మైగ్రేషన్ అందురు. ఇదియు వియోగమే. ఐనను పోవువారెవరో ముందుగా తెలియును, గుంపుగా పోవుదురు, గడువు కలదు, తరగతియంతయు దానిని గూర్చి మాటలాడుకొనును. బదిలీపై పోవు బిడ్డకు గడువు నీయజాలము గాని, తక్కిన మేలులో కొంత యీయవచ్చును.

బదిలీ తప్పదని తోచినపుడు, ఉత్తర్వు చేతికి వచ్చువరకు దాచక, ఏప్రిల్ నెలలో బడి మూయకముందే బిడ్డకు చెప్పవలెను. తరగతి ఉపాధ్యాయుడు ఒక గంట కేటాయించి, పోవువానిచేతను ఉండువారిచేతను నాలుగు మాటలు పలికింపవచ్చును. దీనికి నిధులు గాని అనుమతులు గాని అక్కరలేదు. చిరునామాలు వ్రాయించవలెను. ఇచ్చటనే ఒక చిక్కు కలదు: నిత్యము ఒకరి ఇంటికొకరు పరుగెత్తి పోవు మిత్రులకు దారి తెలియును గాని ఇంటినంబరు తెలియదు, పిన్‌కోడు అసలే తెలియదు. వాట్సాప్ వాడుటకు కనీసవయస్సు 13 ఏండ్లు. ఏడవ తరగతివానికి పన్నెండు. కావున వారి మాటలు అమ్మ ఫోనుపై, అమ్మ వింటుండగా, "ఇక చాలు, బ్యాటరీ అయిపోతుంది" అను హెచ్చరికల నడుమ సాగును; ఎదురుగా కూర్చుండి గంటలు దొర్లించినవారు ఫోనులో "ఏం చేస్తున్నావ్?", "ఏం లేదు" అను రెండు మాటలతో ఆగిపోవుదురు. ఇన్‌లాండ్ లెటరు రెండున్నర రూపాయలకే దొరకును. మడిచి అంటించినచో లోపలి సంగతి ఇతరులకు తెలియదు. దసరాకో సంక్రాంతికో నాలుగు దినములు ఒకరి ఇంటికొకరిని పంపుట అంతకంటెను మేలు. వీటన్నిటికంటె ముందుగా, "పోనీలే, ఇంకొకడు దొరుకుతాడు" అనుట మానవలెను. దొరకును, సందేహము లేదు. కాని ఆ మాట నేడు వినవలసివచ్చిన బిడ్డకు, తన దుఃఖము విలువలేనిదను అర్థమే తోచును.

మరియొక సత్యమును వారికి దాచక చెప్పవలెను. మొదటి నెలలో వారమునకు రెండైన పలుకరింపులు దసరానాటికి నెలకొకటియై, ఉగాదినాటికి నిలిచిపోవచ్చును. అందుకు వాడు ద్రోహియు కాడు, వీడు ద్రోహియు కాడు. ఇరువురును పెరుగుచున్నారు, అంతియే. ద్రుపదుని దోషము పాంచాలమునకు పోవుటలో లేదు, నడుమ కబురు పంపకపోవుటలోను లేదు. ఎదుటికి వచ్చి నిలిచినవానిని కాదనుటలో కలదు. ఏనాడో ఒక రైల్వే ప్లాట్‌ఫారముపైనో, పెండ్లిపందిటిలోనో "నువ్వు ఫలానా కదరా" అని ఒకడు పిలిచినపుడు రెండవవాడు నిలిచి మాటలాడునట్టి మనస్సు నేర్పగలిగినచో, బదిలీలు ఎన్ని వచ్చినను ఆ బిడ్డలకు కలిగిన నష్టము కొంతవరకు పూడినట్లే.